ఘన్‌పూరు పెరడు – ఎవరి వంతు వారికి



సికింద్రాబాదు నుండి కాజీపేటకు పోయే రైలుమార్గములో జనగామ దాటిన తరువాత కిటికీకి రెండు ప్రక్కలా ఎర్రని చెలకలు, తాటిచెట్లు, బండరాళ్ల గుట్టలు కనబడతాయి. వాటి నడుమ వచ్చే స్టేషనే ఘన్‌పూరు. ఈ పేరుగల ఊళ్లు మన ప్రాంతములో మరికొన్ని ఉన్నాయి. కోటగుళ్లు ఉన్న ఘన్‌పూరు ములుగు అవతల ఉన్నది. జనగామ దగ్గర లింగాల ఘన్‌పూరు ఉన్నది. కాబట్టి రైలు ఆగే మా ఊరిని స్టేషన్ ఘన్‌పూర్ అంటారు. చిరకాలము వరంగల్లు జిల్లాలో ఉండి, 2016 అక్టోబరులో జిల్లాలను విభజించినప్పుడు జనగామ జిల్లాలోనికి వచ్చింది. హైదరాబాదు నుండి వరంగల్లు పోయే జాతీయ రహదారి కూడా మా మీదుగానే పోతుంది.

రైలులో, బస్సులో పోయేవారికి కనబడని ఘన్‌పూరు ఒకటున్నది. అది ఇండ్ల వెనుక ఉన్నది. బావి గట్టున నాలుగు కరివేపాకు చెట్లు, వంటింటి నీళ్లు పారే చోట చేమగడ్డ, గోడ మీదికి ప్రాకిన చిక్కుడు, రేకుల మీద సోరతీగ. అదే మా ఊరి పెరడు. ఈ మాసము మీ అందరినీ అక్కడికి తీసికొని వెళ్లదలచినాము. ఎందుకనగా ఆ పెరడు ఇప్పుడు ఉండునా, పోవునా అనే స్థితికి వచ్చింది. కొన్నేండ్లుగా మేము సంఘములోని ఇండ్లను దర్శించినప్పుడు వంటింటి తలుపు వెనుక ఖాళీ నేల కనబడుతున్నది. అడిగితే ఒకటే జవాబు వస్తున్నది: “ఏం బెట్టి ఏం లాభం అయ్యగారూ, కోతులు ఉండనిస్తయా?”

వారు చెప్పేది అబద్ధము కాదు. అయినను పెరడు విడిచిపెట్టవలసినదేనా? మొదట పెరటిలో ఏమి జరుగుతుందో చూద్దాము.

గుంటెడు నేల

మా యింటి వెనుక స్థలము గుంటకు కొంచెము తక్కువ. గుంట అనగా 121 చదరపు గజములు. 40 గుంటలు ఒక ఎకరము. నేల ఎర్ర చెలక. ఎండకు రాయివలె బిగుసుకొంటుంది. వానకు నీరు నిలువక జారిపోతుంది. ఇటువంటి నేల మనకు తిండి పెట్టాలంటే ముందుగా మనము దానికి తిండి పెట్టాలి. అందుకని ఒక మూలన రెండు గుంతలు త్రవ్వినాము. రాలిన ఆకులు, పేడ, కూరగాయల తొక్కలు ఒకదానిలో వేస్తూ, అది నిండగానే మన్ను కప్పి రెండవది మొదలుపెడతాము. నాలుగైదు నెలలకు మొదటి గుంతలోనిది నల్లని ఎరువై చేతికి వస్తుంది. స్నానపు నీళ్లు, బియ్యము కడిగిన నీళ్లు చిన్న కాలువ గుండా అరటికి, చేమగడ్డకు పారుతాయి.

తూర్పున నిమ్మ, కరివేపాకు. పడమట మునగ, జామ. మధ్యలో వెదురుబొంగులతో వేసిన పందిరి. దాని మీద బీర, సోర, కాకర. పందిరి నీడలో అల్లము, పసుపు. మిగిలిన మళ్లలో వంకాయ, బెండ, టమాట, పుంటికూర, తోటకూర. పుంటికూరను కోస్తా వారు గోంగూర అంటారు. దడి పొడుగునా చిక్కుడు, బచ్చలి. మనము విత్తకుండానే మొలిచేవి కూడా ఉన్నాయి. గంగవాయిలి కూర, పొన్నగంటి కూర ఎవరూ పెట్టకుండానే వస్తాయి. వాటిని కలుపని పీకి పారవేసే ఇండ్లున్నాయి. మా యింట అవి పప్పులోనికి పోతాయి.

ఇంత చిన్న స్థలము కుటుంబమునకంతటికీ సరిపడా కూర ఇస్తుందా అని అడుగుతారు. అన్ని దినములూ ఇవ్వదు. అయితే ఆకుకూర, మిరపకాయ, కరివేపాకు, నిమ్మకాయ అంగడిలో కొనవలసిన దినములు చాలా తక్కువ. బిడ్డల కంటిచూపునకు, తల్లుల రక్తమునకు ఆకుకూర ఎంత అవసరమో ఆరోగ్య కార్యకర్తలు ఊరూరా చెప్పుచునే ఉన్నారు. మునగ చెట్టు ఒక్కటి వాకిట ఉన్న యెడల ఏ పేద యింటిలోనూ ఆకుకూర లేదనవలసిన పని లేదు.

తొలకరికి వచ్చే చుట్టాలు

వేసవిలో పెరడు ఎండి ఉంటుంది. ఏప్రిల్, మే నెలలలో జామచెట్టు క్రింద మట్టి మూకుడులో నీళ్లు పోసి పెడతాము. ఆ మూకుడు చుట్టూ జరిగే సంగతులు చూస్తే పొద్దు తెలియదు. ముందు ఊరపిచ్చుకలు గుంపుగా వస్తాయి. తరువాత గోరింకలు వచ్చి వాటిని తరుముతాయి. గోరింకలను కాకి తరుముతుంది. మధ్యాహ్నము ఎవరూ లేనప్పుడు ఉడుత వచ్చి, తోక ఎత్తుకొని, మూకుడు అంచున నిలిచి త్రాగిపోతుంది.

జూన్ 8 ప్రాంతమున మృగశిర కార్తె వస్తుంది. మొదటి వాన పడిన సాయంత్రము పుట్టల నుండి ఉసిళ్లు లేస్తాయి. అప్పుడు మా పెరటిలో పెండ్లి విందు జరిగినట్లుంటుంది. కరెంటు తీగ మీద కూర్చున్న ఏట్రింత, చీలిన తోక తిప్పుచు గాలిలోనే ఉసిళ్లను పట్టుకొంటుంది. పశువుల వీపుల మీద స్వారీ చేసే నల్లని పిట్ట అదే. క్రింద గోరింకలు, తొండలు, కోళ్లు. రాత్రికి గోదురుకప్పలు. తరువాత కొన్ని దినములకు ఎర్ర మఖమలు గుడ్డ తొడుగుకొన్నట్లుండే ఆరుద్ర పురుగులు ఎర్రమట్టి మీద నడుస్తాయి. పిల్లలు వాటిని అగ్గిపెట్టెలలో పెట్టుకొంటారు. అవి మొక్కలకు ఏ హానీ చేయవు. మట్టిలోని చిన్న పురుగులను, వాటి గుడ్లను తింటాయి. చూచి విడిచిపెట్టమని పిల్లలకు చెప్పండి.

బూడిదలో కలిపి దాచిన విత్తనములు అప్పుడే బయటికి తీస్తాము. బీర, సోర, కాకర పాదులు పెడతాము. నెలన్నర గడిచేసరికి పందిరి కప్పుకొంటుంది. ఆ కప్పు క్రిందికి ఎవరెవరు కాపురము వస్తారో చెప్పుటకు ఒక పత్రిక చాలదు. తలమీద నల్లని జుట్టు, తోక క్రింద ఎర్రని మచ్చ గల పిగిలిపిట్ట నిమ్మకొమ్మలలో గిన్నెవంటి గూడు అల్లుతుంది. దర్జీ పిట్ట వంగ ఆకు అంచులను నారతో, సాలెగూటి దారముతో కుట్టి దానిలో గూడు పెట్టుకొంటుంది. బొటనవ్రేలంతటి తేనెపిట్ట బట్టలారవేసే తీగకు సంచివలె గూడు వ్రేలాడదీస్తుంది. ఆ దినములలో అమ్మగారు బట్టలు వేరే తీగ మీద ఆరవేస్తారు.

పువ్వు ఎప్పుడు విచ్చునో చూడండి

తోట పెట్టినవారు కూడా సాధారణముగా గమనించని విషయమొకటి చెప్పుచున్నాము. సోరపువ్వు తెల్లనిది. అది సాయంత్రము విచ్చుకొంటుంది. చీకటిలో తిరిగే రెక్కల పురుగులు దానిని వెదకుకొని వస్తాయి. బీరపువ్వు పసుపుపచ్చనిది. అది కూడా పొద్దు వాలిన తరువాతనే విచ్చుతుంది. పొట్లపువ్వు తెల్లని నూలు అంచుతో చీకటి పడేవేళ తెరుచుకొంటుంది. గుమ్మడి, కాకర పువ్వులు తెల్లవారుఝామున విచ్చుతాయి. గుమ్మడిపువ్వు మధ్యాహ్నము కాకముందే ముడుచుకొంటుంది. తేనెటీగల పని అక్కడ ఉదయముననే ముగియాలి.

ఈ తీగలన్నిటిలో మగపువ్వులు వేరు, ఆడపువ్వులు వేరు. ఆడపువ్వు వెనుక చిన్న పిందె ఉంటుంది. మగపువ్వు పుప్పొడి దానికి చేరితేనే ఆ పిందె కాయ అవుతుంది. చేర్చేది తేనెటీగ, తుమ్మెద, రెక్కల పురుగు. అవి రాని యెడల పిందె రెండు మూడు దినములలో పసుపుపచ్చబారి రాలిపోతుంది.

ఇప్పుడు జరిగేదేమనగా, పిందె రాలగానే తీగకు రోగము వచ్చినదని తలంచి, పత్తికి తెచ్చిన మందులో మిగిలినది నీళ్లలో కలిపి కొడతారు. సాయంత్రము చల్లబడిన తరువాత కొడతారు. అది సోరపువ్వు విచ్చే వేళ. రావలసిన ఆ కొద్ది పురుగులు కూడా చనిపోతాయి. మరుసటి వారము పిందెలు ఇంకా ఎక్కువ రాలుతాయి. మరల మందు కొడతారు. రోగమేమియు లేని తీగ ఇట్లు ఎండిపోతుంది. పిందె రాలితే ముందుగా పువ్వు దగ్గర కూర్చొని ఎవరు వస్తున్నారో చూడండి. ఎవరూ రాకపోతే మగపువ్వును త్రుంచి, రేకులు తీసివేసి, దాని పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో మెల్లగా రాయండి. పెరటిలో తులసి, బంతి, ఆవ మొక్కలు నాలుగు పెట్టండి. తేనెటీగలు దారి నేర్చుకొంటాయి.

చిక్కుడు మీది నల్లని మసి

చలికాలములో చిక్కుడు తీగ చివరలకు పేనుబంక పడుతుంది. మసి పూసినట్లు నల్లగా గుంపులు గుంపులుగా ఉంటుంది. దాని వెంట చీమలు ఎక్కుతాయి. పేనుబంక విసర్జించే తీపి రసము కొరకు చీమలు దానికి కాపలా కాస్తాయి. చూచినవారికి ఇక చిక్కుడు పని అయిపోయినదనిపిస్తుంది.

నాలుగు దినములు ఓర్చుకొంటే అక్షింతల పురుగు వస్తుంది. ఎర్రని వీపు మీద నల్లని చుక్కలు. దాని పిల్ల మాత్రము దానివలె ఉండదు. నల్లగా, ముళ్లతో, చిన్న మొసలివలె ఉంటుంది. దానిని చూచి కొత్త పురుగు వచ్చినదని చంపుతారు. తల్లీ పిల్లా రెండును పేనుబంకనే తింటాయి. అయితే పేనుబంక వారము పది దినములలో పెరిగి, మగదాని అవసరము లేకుండానే పిల్లలు పెడుతుంది. అక్షింతల పురుగు గుడ్డు నుండి పెరిగి పెద్దదగుటకు దాదాపు నెల పడుతుంది. మందు కొడితే రెండును చనిపోతాయి గాని ముందుగా తిరిగి వచ్చేది పేనుబంకే. రెండవసారి దానిని తినేవారు ఉండరు.

మా చిక్కుడుకు మేము చేసేది ఇంతే. ఎక్కువగా పట్టిన చివరలను త్రుంచి గుంతలో పూడ్చుతాము. మిగిలినదాని మీద నీళ్లు జోరుగా కొట్టి కడుగుతాము. అప్పటికీ తగ్గకపోతే లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున వేపగింజల పప్పు దంచిన పొడిని రాత్రంతా నానబెట్టి, గుడ్డతో వడగట్టి, కొద్దిగా సబ్బునీళ్లు కలిపి చల్లుతాము. పండు ఈగ కుట్టిన బీరకాయలు, కాకరకాయలు తీగ క్రింద పడి ఉండనీయము. వాటిలోని పురుగు నేలలోనికి దిగి మరల ఈగ అవుతుంది గనుక లోతుగా పూడ్చుతాము. మంచి పిందెలకు పాత కాగితము చుట్టుతాము.

విషపు మందు సంగతి మన ప్రాంతమునకు చెప్పనక్కరలేదు. 1997–98లో పత్తి మీద లద్దెపురుగు విరుచుకుపడి, ఎన్ని మందులు కొట్టినా చావక, అప్పులపాలైన రైతులు అనేకులు మన వరంగల్లు జిల్లాలో తమ ప్రాణములు తీసికొన్నారు. పురుగును చంపలేని మందు మనుష్యులను చంపింది. మోనోక్రోటోఫాస్ అనే మందును కూరగాయల మీద వాడరాదని ప్రభుత్వము 2005లో నిషేధించింది. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు నిలిపివేసింది. అయినను పత్తికి తెచ్చిన సీసా ఇంటి చూరులో ఉంటే, చెయ్యి దాని వైపే పోతుంది. ఆ సీసా చూరులో ఉండకూడదు. బిడ్డలున్న ఇల్లు అది.

వేరే దారి లేదా అంటే, ఉన్నదని చూపిన గ్రామము మనకు దగ్గరలోనే ఉన్నది. లింగాల ఘన్‌పూరు మండలములోని ఏనబావి చిన్న పల్లె. 1990 దశకములో ఆ వైపు చెలకలలో ఎర్ర గొంగళి పురుగు ఆముదము పంటను తినివేసేది. దాని తల్లి రెక్కల పురుగు తొలకరి వానకు నేలలోనుండి లేస్తుందని గమనించి, ఆ రాత్రులలో చేల గట్లమీద మంటలు వేసి, వెలుగుకు వచ్చిన వాటిని గుడ్లు పెట్టకముందే నశింపజేయుట రైతులకు నేర్పినారు. ఆ మార్గమున అడుగు వెంబడి అడుగు వేసి, 2006 నాటికి ఏనబావి వారు ఊరంతా ఒక్కటై రసాయనపు ఎరువులు, మందులు మానుకొన్నారు. పురుగు ఎప్పుడు పుడుతుందో, ఎవరు దానిని తింటారో తెలిసికొనుటయే వారి మొదటి పని. పెరటికైనా పొలమునకైనా అదే మొదటి పాఠము.

కర్ర పట్టుకొనక ముందు

పచ్చదనము ఉన్నచోట పాము వస్తుందని మా సంఘములోని తల్లులు పెరడంటే భయపడతారు. ఆ భయము తేలికగా తీసివేయదగినది కాదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర ఈ నాలుగును మన ప్రాంతములో ఉన్నవి. కట్లపాము రాత్రివేళ నేలమీద పండుకొన్నవారిని కరుస్తుంది. అందుకని మంచము మీద, దోమతెరలో పండుకొనుట మేలు. చీకటిలో పెరటికి పోతే టార్చిలైటు తప్పనిసరి. కట్టెల మోపు గోడకు ఆనించి ఉంచరాదు.

అయితే మా పెరటికి తరచుగా వచ్చేది జెర్రిపోతు. మనిషికంటె పొడుగుంటుంది గనుక చూడగానే గుండె ఝల్లుమంటుంది. దానికి విషము లేదు. అది పగలు తిరిగి ఎలుకలను తింటుంది. ఆవు పొదుగుకు చుట్టుకొని పాలు త్రాగుతుందనే మాట మన పల్లెలలో ఉన్నది గాని, పాము నోటికి పాలు చీకే శక్తి లేదు. ఒక సంవత్సరము చేమగడ్డ మడి దగ్గర జెర్రిపోతు కనబడినప్పుడు వాడకట్టులోని పడుచువాండ్లు కర్రలతో వచ్చినారు. ఇంటి పెద్దమ్మ ఒకామె వారిని ఆపి, “దాన్ని సంపితే ఎలుకలను మీరొచ్చి పడుతరా బిడ్డా?” అని అడిగింది. కర్రలు దిగిపోయినవి. జెర్రిపోతు దడి క్రిందనుండి వెళ్లిపోయింది.

ఎలుకలు పెరిగిన చోటికి నాగుపాము వస్తుంది. ఎలుకలను తగ్గించేది జెర్రిపోతు, ముంగిస, మునగ తొర్రలో కాపురముండి పొద్దుగూకగానే బయటికి వచ్చే చిన్న గుడ్లగూబ. వాటిని చంపిన ఇల్లు ఎలుకల పాలవుతుంది. ఎవరినైనా పాము కరిచిన యెడల మంత్రగాని దగ్గరికి పోయి గంటలు పోగొట్టవద్దు. కోయవద్దు, గట్టిగా కట్టవద్దు. కాలు చెయ్యి కదలనీయక, ధైర్యము చెప్పి, విషమునకు విరుగుడు మందు ఉండే ప్రభుత్వ ఆసుపత్రికి వెంటనే తీసికొని పొండి.

కోతుల సంగతి

ఇక అసలు కష్టము. పిగిలిపిట్ట ఒక మిరపపండు తింటుంది. చిలుక జామకాయ సగము కొరికి పారవేస్తుంది. ఉడుత బొప్పాయికి రంధ్రము చేస్తుంది. ఇవన్నీ ఓర్చుకొనదగినవే. కోతుల మంద అట్లు కాదు. పది నిమిషములలో పందిరి విరుగుతుంది, పిందెలు రాలుతాయి, పెంకులు పగులుతాయి. అన్నము గిన్నె కూడా ఎత్తుకొనిపోతాయి. ముసలివారి మీద, పిల్లల మీద ఎగబడతాయి.

మా సంఘములో భర్త చనిపోయిన ఒక సహోదరి ఉన్నది. పెరటి కూరలు గంపలో పెట్టుకొని అమ్ముకొని ఇద్దరు పిల్లలను చదివించుకొన్నది. ఒక్క పూటలో ఆమె సోరపందిరి, టమాట మళ్లు కోతుల పాలైనవి. మేము పరామర్శకు వెళ్లినప్పుడు ఆమె ఏడ్చుచుండునని తలంచినాము. ఆమె గడ్డపార పట్టుకొని మడి త్రవ్వుచున్నది. “కోతి నాకు పగోడా అయ్యగారూ? దాని గుట్ట మీద పండు లేదు, నా పందిరి మీద కాయ ఉన్నది. అందుకే వచ్చింది. ఇగ నేను కాయ మన్నుల దాస్త” అన్నది. చెప్పినట్లే ఆ స్థలములో చేమగడ్డ, కంద, పసుపు, అల్లము పెట్టింది. చేమ, కంద ఆకులు నోరు దురద పెడతాయి గనుక కోతులు వాటి జోలికి అంతగా పోవు. దడి పొడుగునా నిమ్మ, కరివేపాకు, పుంటికూర పెట్టింది. వంకాయ, టమాట మాత్రము ఇంటి గోడకు ఆనుకొని, పాత చేపల వల కప్పిన చిన్న మడిలోనికి తెచ్చుకొన్నది. ఆమె గంప మరల అంగడికి పోవుచున్నది.

ఆమె మాటలో ఈ కష్టమునకు మూలమున్నది. గుట్టల మీద మేడి, రావి, నేరేడు, తునికి, వెలగ ఉన్నప్పుడు కోతులకు అక్కడే తిండి దొరికేది. చెట్లు కట్టెలకు పోయినవి. కొన్ని గుట్టలే కంకర కొరకు, గ్రానైటు కొరకు పోయినవి. జొన్న, సజ్జ, పెసర వేసిన చెలకలలో ఇప్పుడు కనుచూపు మేర పత్తి. పత్తికాయను కోతీ తినదు, పిట్టా తినదు. అది చాలనట్లు, బాట వెంబడి పోయేవారు బండ్లు ఆపి అరటిపండ్లు, బిస్కెట్లు విసురుతారు. అట్లు తినుట నేర్చిన కోతి అడవికి ఎందుకు పోతుంది? జాలిపడి ఒకరు వేసిన పండుకు మరియొకరి పందిరి విరుగుతుంది.

ప్రభుత్వము 2015లో హరితహారము ఆరంభించినప్పుడు కోతులు తిరిగి అడవికి పోవలెనని కూడా ఆశించింది. 2020లో నిర్మల్ దగ్గర చించోలిలో కోతులకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేసే కేంద్రము తెరిచినారు. అవి అవసరమే. అయితే నీడ కొరకు నాటే చెట్లు వేరు, పండు కొరకు నాటే చెట్లు వేరు. మర్రి, మేడి, నేరేడు, వెలగ ఊరి బయట, చెరువుకట్ట మీద, గుట్ట పాదమున పెరిగితే కోతులకు అక్కడ ఒక వంతు ఉంటుంది. ఆ చెట్లు ఈ యేడు నాటితే మన పిల్లల కాలమునకు కాస్తాయి. అంతవరకు వల కావాలి, దుంపకూరలు కావాలి, ఇంటికొకరు కాక వాడకట్టంతా కలిసి కాపు కాయుట కావాలి.

ఎవరి వంతు వారికి

మోషే ధర్మశాస్త్రములో పొలము గురించిన ఆజ్ఞలు చదివినప్పుడు మాకు ఈ పెరడే జ్ఞాపకమునకు వస్తుంది. లేవీయకాండము 19వ అధ్యాయములో పొలము అంచులు పూర్తిగా కోయక బీదలకు విడువవలెనని ఉన్నది. నిర్గమకాండము 23లో ఏడవ యేట నేలను బీడు విడిచినప్పుడు బీదలు తినగా మిగిలినది అడవి మృగములకని ఉన్నది. ద్వితీయోపదేశకాండము 22లో గూటిలో పిల్లలతో ఉన్న తల్లిపక్షిని పట్టుకొనరాదని ఉన్నది. ఇశ్రాయేలు రైతు తన చేనును విడిచిపెట్టవలెనని ఈ ఆజ్ఞలలో ఎక్కడా లేదు. కోతకాలములో కోసికొన్నాడు, గాదె నింపుకొన్నాడు. అంచు మాత్రము విడిచినాడు. అంచు విడుచుట వేరు, చేనంతా విడుచుట వేరు. కోతుల మందకు పందిరి అప్పగించుట ధర్మము కాదు. అట్లని పిగిలిపిట్ట గూడు తీసి పారవేయుట కూడా ధర్మము కాదు.

మా పెరటిలో ఆ అంచు ఇట్లున్నది. జామచెట్టు చిటారు కొమ్మల కాయలు కోయము. అవి చిలుకలవి. చిలుకను పంజరములో పెట్టుట 1972 నాటి వన్యప్రాణి చట్టము ప్రకారము నేరము. చెట్టు మీద చూచుటకు ఖర్చు లేదు. నిమ్మ, కరివేపాకు మొక్కల మీద పిట్ట రెట్టవలె కనబడే చిన్న గొంగళి పురుగులకు ఒక కొమ్మ విడుస్తాము. అవి తరువాత ఆకుపచ్చబారి, గూడు కట్టుకొని, నలుపు పసుపు రెక్కల సీతాకోకచిలుకలై లేస్తాయి. ఒక మునగకొమ్మ పూత కోయము. అది తుమ్మెదలకు, తేనెపిట్టలకు. దడి మూలన నాలుగు మూరల నేల ఊడ్వము, త్రవ్వము. కప్పలు, తొండలు, ముంగిస అక్కడ ఉంటాయి. మిగిలినదంతా మాది. ఆ భాగమునకు వల కట్టుతాము, ముళ్లకంప పెడతాము, డబ్బా వాయించి తరుముతాము.

ప్రతి యింటా ఇంత స్థలము ఉండదని మాకు తెలుసు. రెండు గజముల నేల ఉన్నవారు ఒక మునగకొమ్మ పాతండి. నేలే లేనివారు పగిలిన కుండలో పుంటికూర చల్లండి. సంఘముగా కూడ ఒక పని చేయవచ్చును. మా ఊరి స్త్రీల కూటములో సోర, బీర, చిక్కుడు గింజలు చీటీ కట్టి ఒకరికొకరు పంచుకొంటున్నారు. ఈ సంవత్సరము దానితో కూడ యౌవనస్థులు ఇంటింటికీ పోయి తిన్న నేరేడు గింజలు కడిగి అడిగి తెచ్చినారు. పాత పాల కవర్లలో ఎర్రమట్టి, ఎరువు నింపి వాటిని పాతినారు. నేరేడు గింజ ఎండితే మొలవదు గనుక తిన్న వారములోనే పాతాలి. మొలకలు జానెడు ఎత్తు అయినవి. వచ్చే తొలకరికి అవి గుట్ట పాదమునకు పోవలసి ఉన్నది. నాటినప్పుడు మొదటి రెండు వేసవులు నీళ్లు పోసేవారి పేర్లు కూడా వ్రాసికొనమని చెప్పినాము. మొక్క నాటేవారు అనేకులు, నీళ్లు పోసేవారు కొందరే గదా!

మీ ఊరిలో నేరేళ్లు పండినప్పుడు గింజలు పారవేయకండి.